పెరటిని ఏలే కోడి

చింతలపూడి
8-2-1949

అక్కయ్యకు నమస్కారాలతో భారతి.

క్షేమంగా చేరాను. బస్సు దారిలో రెండుచోట్ల మొరాయించింది గాని, ఎవరో పుణ్యాత్ములు దిగి తోశారు. లలిత నన్ను చూడగానే నవ్వింది. నవ్విన తర్వాత ఏడ్చింది. ఇప్పుడు దానికి ఆరో నెల. మంచం దిగితే ఒప్పుకోనని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. బండిలో గాని బస్సులో గాని కదపకూడదంది. అందుకే పురుడు మనింట్లో కాక ఇక్కడే. అల్లుడు పాండురంగారావు మాటిమాటికీ నూనె కొట్టు వదిలేసి వచ్చి, గుమ్మంలో నిలబడి, లలితను చూసి వెళ్లిపోతున్నాడు. ముందు రెండుసార్లూ బిడ్డ దక్కని సంగతి ఈ ఇంట్లో ఎవరూ నోటితో అనరు. అందరి మొహాల్లోనూ అదే ఉంది.

ఇక నా కోళ్లు. నువ్వు ఎన్నడూ వాటి జోలికి పోలేదని తెలుసు. సాంబయ్య మీద వదిలేస్తే తోట కాపలా మానేసి వాటితో కబుర్లు చెబుతూ కూర్చుంటాడు. కాబట్టి పొద్దునా సాయంత్రం గింజలు నీ చేత్తోనే వెయ్యి. ముందు పుంజు, కొత్వాలు వస్తాడు. వాడు ముట్టి, కొక్కొక్కో అని పిలిస్తేనే పెట్టలు వస్తాయి. పెట్టల్లో ముందు నల్ల దొరసాని. ఆవిడ తిన్నాకే తక్కినవి. అందరికన్నా చివర బోసిమెడది. నువ్వు జాలిపడి ఈ వరస మార్చకు.

ఇంకో మాట ఉంది. ఎదురుగా చెప్పలేక వచ్చేశాను. బయల్దేరిన రోజు పొద్దున్నే ముత్యాలమ్మ గుడికి వెళ్లి మొక్కుకున్నాను. లలితకు బిడ్డ దక్కితే నా పెరటిని ఏలే కోడిని నీకిస్తాను తల్లీ అన్నాను. అంటే కొత్వాలే. ఆ మాట అన్నాక ఇంటికి వచ్చి వాడి వంక చూడలేకపోయాను. అందుకే ఆ మొక్కు గట్టిదని నా నమ్మకం. బావగారు పోయిన దగ్గర్నుంచి నువ్వు నీసు ముట్టవు, రక్తం పారే గుడి అని ఆ గడప తొక్కవు. కోపం తెచ్చుకోకు అక్కయ్యా. బిడ్డ పుట్టేదాకా కొత్వాలుకు ఈక ఊడకుండా చూడు. అమ్మవారికి ఇచ్చేదానికి గాయం ఉండకూడదు.

నీ చెల్లెలు
భారతి


శ్రీరామ

ఆగిరిపల్లి
మాఘ బహుళ విదియ

చి. భారతికి అక్క పుష్పావతి దీవెనలు.

ఉత్తరం అందింది. లలితను మంచం దిగనివ్వకు. దాని పేర రోజూ సహస్రనామం చదువుతున్నాను.

తోట పూత మీద ఉంది. రసాలకు నిండుగా వచ్చింది. మంచు పట్టకుంటే నిలుస్తుంది.

కోళ్లకు గింజలు వేస్తున్నాను. నీ పుంజు నా చీర కుచ్చెళ్లు పొడిచింది.

మొక్కు సంగతి చదివాను.

ఆ నల్లపెట్ట బోసిమెడదాన్ని ఊరికే పొడుస్తోంది. తిండి చాలకనా? రాయి.

పుష్పావతి


శ్రీరామ

ఆగిరిపల్లి
ఫాల్గుణ శుద్ధ పంచమి

చి. భారతికి దీవెనలు.

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. కారణం కోళ్లు.

తిండి చాలక కాదని నాకే తెలిసింది. గింజలు రెండుచోట్ల వేసి చూశాను. నల్లపెట్ట అక్కడా పొడిచింది, ఇక్కడికి వచ్చీ పొడిచింది. దొరసాని పొడలదాన్ని పొడుస్తుంది. పొడలది ఎర్రదాన్ని పొడుస్తుంది. ఎర్రది బోసిమెడదాన్ని. బోసిమెడది ఎవరినీ పొడవదు. పక్కకు పోయి మామిడాకుల కింద చెదలు ఏరుకుంటుంది. ఎవరి చోటు వాళ్లకు తెలుసు. తెలిశాక పొడవనక్కర్లేదు, పెద్దది తలెత్తి చూస్తే చిన్నది తప్పుకుంటుంది. పెళ్లి బంతిలో మన మేనత్తలకు కూడా ఇంత పద్ధతి లేదు.

పొడలదీ ఎర్రదీ కలియబడితే కొత్వాలు వచ్చి మధ్యలో నిలబడతాడు. ఏమీ చెయ్యడు. నిలబడతాడంతే. అవి రెండూ విడిపోయి, ఏమీ ఎరగనట్టు నేల గీరుకుంటాయి. నేను జపమాల పట్టుకుని అరుగు మీద కూర్చున్నదాన్ని మాల తిప్పడం మరిచిపోయి చూస్తున్నాను. అపచారం. చెంపలు వేసుకున్నాను. సాయంత్రం మళ్లీ అక్కడే కూర్చున్నాను.

అసలు సంగతి ఇది. వినాయక చవితికి వచ్చినప్పుడు లలిత అరచేతిలో నూకలు పెట్టి సాకిన పిల్ల ఉందే, బుల్లోడు. వాడు ఎదిగాడు. తోక వంపు తిరిగింది. నిన్న కూశాడు. గొంతు ఇంకా పగిలిన కుండలా ఉంది. కొత్వాలు తల తిప్పి చూశాడు. ఇవాళ కట్టెల మోపు ఎక్కి కూశాడు. కొత్వాలు చూసి ఊరుకోలేదు, రెక్క ఒకటి నేలకు జార్చి, అడ్డంగా నడుచుకుంటూ వచ్చాడు. బుల్లోడు దిగాడు గాని, పరుగెత్తలేదు. నడిచి వెళ్లాడు.

సాంబయ్య దిగులుపడొద్దన్నాడు. "కొత్వాలు కాలికింద మన్ను కదిలిందంటేనండీ, నా చెవి కోయించుకుంటానమ్మగారూ" అన్నాడు. వాడి పెళ్లాం కృష్ణవేణి పక్కనే ఉంది. "ఏ చెవో ఇప్పుడే చెప్పు మావా, గురుతెట్టుకుంటాను" అంది.

ఏం చెయ్యాలో వెంటనే రాయి.

పుష్పావతి


చింతలపూడి
12-3-1949

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగాను. నువ్వు ఇంత పెద్ద ఉత్తరం రాయడం నా పెళ్లయిన దగ్గర్నుంచి ఎరగను. లలితకు చదివి వినిపించాను, మొక్కు సంగతి తప్ప. అది దానికి తెలియదు. తెలిస్తే బెంగపడుతుంది. బుల్లోడు కట్టెల మోపు ఎక్కి కూశాడనగానే పడుకున్నదల్లా లేవబోయింది. "నేను పెంచినవాడమ్మా, పెద్దమ్మను దగ్గరుండి చూసుకోమను" అంది.

అదే నా భయం. నడిచి వెళ్లాడంటే మళ్లీ వస్తాడు. పరుగెత్తినవాడితో పేచీ లేదు. ఇద్దరూ తన్నుకుంటే కొత్వాలుకు కన్నో జుట్టో పోతుంది. గాయపడ్డవాణ్ని అమ్మవారికి ఎలా ఇస్తాం? కాబట్టి కొత్వాలును గంప కింద పెట్టు. పైన రోలు రాయి ఉంచు. తిండీ నీళ్లూ లోపలికే. పురుడయ్యేదాకా బయటికి వదలకు. వాడు అరుస్తాడు. నువ్వు కరిగిపోకు.

లలిత కాళ్లు కాస్త వాచాయి. మామూలే అంటున్నారు.

భారతి


శ్రీరామ

ఆగిరిపల్లి
చైత్ర శుద్ధ దశమి

చి. భారతికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే కొత్వాలును గంప కింద పెట్టాను. మొదట్లో వాడు కూస్తే పెట్టలు తలెత్తి వినేవి. తర్వాత వినడం మానేశాయి. మధ్యలో నిలబడేవాడు లేక పెరడంతా రచ్చ అయింది. పొడలది ఎర్రదాన్ని బావిగట్టు దాకా తరిమింది. ఎర్రది ఆ కసి బోసిమెడదాని మీద తీర్చుకుంది. గుడ్లు తగ్గాయి. కృష్ణవేణి వచ్చి, "పెద్దమ్మగారూ, మొగుడు ఊరెళ్లిన సవతుల్లాగున్నాయండీ ఇవి" అంది.

నిన్న శ్రీరామనవమి. స్వామికి పానకం నివేదించి బయటికి వచ్చాను. గంప అల్లిక సందుల్లోంచి వాడి కన్ను నన్నే చూస్తోంది. పండగ పూట నా ఇంట్లో ఒక ప్రాణి బందీగా ఉండటమేమిటి అనిపించింది. కాసేపు తిరిగి వస్తాడని రాయి దించి గంప ఎత్తాను. నువ్వు వద్దన్నావు. అయినా ఎత్తాను.

వాడు బయటికి వచ్చి, రెక్కలు కొట్టుకుని కూశాడు. ఒక్క పెట్టా తిరిగి చూడలేదు. బుల్లోడు మాత్రం చూశాడు.

ఇద్దరూ ఎదురెదురుగా వచ్చారు. మెడ ఈకలు గొడుగుల్లా విచ్చుకున్నాయి. తలలు నేలకు ఆన్చి, ముక్కుకు ముక్కు పెట్టి, ఇతను తల ఎత్తితే అతను ఎత్తడం, ఇతను దించితే అతను దించడం. అద్దంలో చూసుకుంటున్నట్టుంది. ఆ తర్వాత ఎగిరారు. గాల్లోనే తన్నుకున్నారు. ధూళిలో ఏది ఎవరి రెక్కో తెలియలేదు. ఒకసారి కొత్వాలు పైన, ఒకసారి బుల్లోడు పైన. కొత్వాలు వాడి మెడ పట్టుకుని వంచాడు. అయిపోయిందనుకున్నాను. బుల్లోడు కిందనుంచే తన్నాడు. మళ్లీ తన్నాడు. నేను ఎప్పుడు లేచానో, పెరట్లోని మంచం ఎప్పుడు ఎక్కానో తెలియదు. కృష్ణవేణి చెప్పింది, "వదలకు, వదలకు" అని అరిచానట. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

చివరికి కొత్వాలు వెనుదిరిగాడు. నేను నిలబడ్డ మంచం కిందే దూరాడు. ఎర్రజుట్టు ఒక పక్క చీలింది. పసుపు అద్దాను. మేత తింటున్నాడు. ప్రాణభయం లేదు. కాని మచ్చ మిగులుతుంది.

సాంబయ్య పొద్దుటినుంచి తలకు గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు, రెండు చెవులూ కప్పుకుని.

జరిగింది జరిగినట్టు రాశాను. లలితను జాగ్రత్తగా చూసుకో.

పుష్పావతి


చింతలపూడి
20-4-1949

అక్కయ్యకు.

నీ ఉత్తరం వచ్చిన రోజే లలితకు నొప్పులు వచ్చాయి. నెల నిండకుండా వచ్చాయి. డాక్టరమ్మ ఇంజెక్షను ఇచ్చింది, ఆగాయి. ఆవిడ వెళ్లేటప్పుడు అల్లుణ్ని వీధిలోకి పిలిచి మాట్లాడింది. ఏమందో అతను నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

ఇవ్వవలసినవాణ్ని నువ్వు పాడుచేశావని అనను. అనకూడదు. కాని నిద్ర పట్టడం లేదు.

ఇక కోళ్ల సంగతి రాయకు.

భారతి


శ్రీరామ

ఆగిరిపల్లి
చైత్ర బహుళ ఏకాదశి

చి. భారతికి దీవెనలు.

రాయను. నువ్వు అడిగేదాకా రాయను.

ఉపవాసం ఉంటున్నాను. బంగినపల్లి కాయ టెంకె కట్టింది. ధైర్యంగా ఉండు.

పుష్పావతి


చింతలపూడి
14-5-1949

అక్కయ్యా, అక్కయ్యా.

ఆడపిల్ల. నిన్న మధ్యాహ్నం. తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. పుట్టగానే ఏడవలేదు. డాక్టరమ్మ పాప కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తి ఒక్కటి వేసింది. అప్పుడు ఏడ్చింది చూడూ, ఆ కేక కొట్టుదాకా వినిపించిందట. అల్లుడు కొలుస్తున్న నూనె గిద్దె చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గుమ్మమంతా నూనె. దాని మీద జారి వాళ్లమ్మగారు కూలబడ్డారు. కూలబడే "మనవరాలా?" అని అడిగారు. ఇంటిల్లిపాదీ నవ్వడమే. ఎర్రగా, బొద్దుగా, జుట్టు ఒత్తుగా ఉంది. ముక్కు నీది. నిజం, నీ ముక్కే.

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకోని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఈసారి కూడా పోతుందనే అనుకున్నాను.

అమ్మవారు మాట నిలబెట్టుకుంది. ఇప్పుడు నా వంతు. నేను కొత్వాలును ఇస్తానని అనలేదు. నా పెరటిని ఏలే కోడిని ఇస్తానన్నాను. మంచిది ఇస్తేనే మొక్కు గాని, ఓడి మంచం కింద దాగినవాణ్ని ఇస్తే అమ్మను వెక్కిరించినట్టే. అయితే బుల్లోడా? లలిత వాడి గురించి రోజూ అడుగుతోంది. పచ్చి బాలింతరాలికి ఈ మాట ఏ నోటితో చెప్పను?

ఇప్పుడు అక్కడ ఏలేది ఎవరు? నిజం రాయి. నా బెంగ తీర్చడానికైనా నువ్వు అబద్ధం రాయవు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

భారతి


శ్రీరామ

ఆగిరిపల్లి
వైశాఖ బహుళ సప్తమి

చి. భారతికి, చి.సౌ. లలితకు, పసిపాపకు నా దీవెనలు.

ఉత్తరం చదువుతుంటే కళ్లు మసకలయ్యాయి. కృష్ణవేణి అది చూసే మంచివార్త అని గ్రహించి ఊరంతా చెప్పి వచ్చింది. తోటలో కోతకు వచ్చిన వాళ్లందరికీ రసాలు తిన్నన్ని తినమన్నాను. కాయలు కోసే చిక్కాల కర్రలు చెట్లకు ఆనించి అందరూ కూర్చుని తిన్నారు.

అడిగావు గనక రాస్తాను. శ్రీరామనవమి నాడే అయిపోలేదు.

నేను నీకు ఆ ఉత్తరం వేసిన మర్నాడు బుల్లోడు కట్టెల మోపెక్కి, తనే రాజునన్నట్టు కూశాడు. దిగి వచ్చి గింజల మధ్య నిలబడ్డాడు. పొడలది తప్పుకుంది. ఎర్రది తప్పుకుంది. దొరసాని తప్పుకోలేదు. వాడు గుడ్డులోంచి రాకముందునుంచీ ఆవిడ ఈ పెరట్లో పెద్దది. వాణ్ని పిల్లగా ఉండగా పొడిచిన ముక్కే అది. వాడు రెక్క జార్చి అడ్డంగా నడిచాడు. ఆవిడ వాడి జుట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. వాడు ఎగిరాడు, ఆవిడా ఎగిరింది. పెట్ట అంత ఎత్తు ఎగరడం నేను కలలో కూడా అనుకోలేదు భారతీ. బావిగట్టు చుట్టూ తిరిగారు. కొత్వాలును గెలిచినవాడు ఆవిడ ముందు తోక దించాడు. కొత్వాలు మంచం కిందనుంచి తల బయటపెట్టి చూశాడు. వాణ్నీ వెళ్లి ఒకటి పొడిచి వచ్చింది, లెక్క సరిచేసినట్టు.

ఇదంతా నేను ఉగ్గబట్టుకుని ఇన్నాళ్లూ రాయకుండా ఉన్నాను. ఉపవాసం కన్నా కష్టమైంది.

అయినా నా కళ్లను నేను నమ్మకూడదని, నీ ఉత్తరం రాగానే మల్లయ్యను పిలిపించాను. ముత్యాలమ్మ పూజారి కదా, మొక్కు సంగతి ఆయనే తేల్చాలి. తలంటు పోసుకుని, స్వామిని తలుచుకుని, ఆయన ఎదుట, సాంబయ్య దంపతుల ఎదుట దోసెడు జొన్నలు చల్లాను. ఎవరినీ పిలవలేదు. ఎవరినీ అదిలించలేదు. బుల్లోడు ఒక పక్కనుంచి వచ్చాడు. కొత్వాలు ఇంకో పక్కనుంచి వచ్చాడు. ఇద్దరూ గింజలకు ఇవతలే ఆగారు. దొరసాని నిదానంగా అరుగు దిగి, ఇద్దరి మధ్యనుంచి నడిచి వెళ్లి తింది. కడుపు నిండాక తలెత్తింది. అప్పుడు వాళ్లు వంగారు.

"పెట్టైనా పుంజైనా ఏలే కోడి ఇదేనండీ. అమ్మకు చెప్పిన మాట చెప్పినట్టే జరగాలి" అన్నాడు మల్లయ్య. సాంబయ్య నన్ను పక్కకు పిలిచి, కొత్వాలుకు దెబ్బ మానిందిగా, వాడే ఏలుతున్నాడని రాసెయ్యండి, అక్కడున్న చిన్నమ్మగారికి ఏం తెలుస్తుందన్నాడు.

దొరసాని ఏలుతోంది. రాశాను.

పుష్పావతి


చింతలపూడి
21-5-1949

అక్కయ్యకు నమస్కారాలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత లలితకు అంతా చెప్పేశాను, మొక్కుతో సహా. పాపను ఒళ్లో పెట్టుకుని విన్నది. దొరసాని కొత్వాలును కూడా పొడిచి వచ్చిందన్న చోట నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "పాపం కదమ్మా" అంది. పాపను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. ఇవ్వొద్దని మాత్రం అనలేదు.

ఇవ్వాలి అక్కయ్యా. ఏ నోటితో అడిగానో ఆ నోటితో ఇప్పుడు బేరమాడలేను. పాప నిద్రలో ఉలిక్కిపడితే నాకు ప్రాణం పోతోంది.

పద్ధతి మల్లయ్యకు తెలుసు. అమ్మ ముందు నిలబెట్టి వేపమండతో పసుపునీళ్లు చల్లుతాడు. ఒళ్లు విదిలిస్తే అమ్మ పుచ్చుకుంటానన్నట్టు. మూడుసార్లు చల్లినా విదల్చకపోతే అమ్మకు అక్కర్లేదన్నట్టు, మొక్కు తీరినట్టే. కోడన్నాక తడిస్తే విదల్చకుండా ఉంటుందా? అందుకని ఆశ పెట్టుకోకు.

సాంబయ్యతో పంపకు. నేను లేనప్పుడు ఇంటి పెద్దవు నువ్వే తీసుకెళ్లాలి. నీ నియమం నాకు తెలుసు. తెలిసీ అడుగుతున్నాను. ఇన్నేళ్లలో నిన్ను ఒకటి అడగడం ఇదే.

భారతి


శ్రీరామ

ఆగిరిపల్లి
వైశాఖ బహుళ ద్వాదశి, మంగళవారం

చి. భారతికి దీవెనలు.

వెళ్లాను.

నిన్నంతా స్వామి ముందు కూర్చున్నాను. వెళ్లమని అనలేదు, వద్దనీ అనలేదు. నువ్వు అడిగావు, అది చాలనుకున్నాను. పొద్దున్నే మడి కట్టుకుని, దొరసానిని చంకన పెట్టుకుని బయల్దేరాను. కోడిని ఎత్తుకోవడం నాకు ఇదే మొదలు. ఎంత వెచ్చగా ఉంటుందో నువ్వెప్పుడూ చెప్పలేదు. దాని గుండె నా పక్కటెముకల మీద కొట్టుకుంది. నాది దాని మీద కొట్టుకుని ఉంటుంది. తోటలో కోత ఆపి అందరూ వెనక వచ్చారు. నేను ఆ గుడికి వెళ్లడం చూడటానికే వచ్చారని తెలుసు.

గడప దగ్గర కాళ్లు ఆగాయి. కృష్ణవేణి మెల్లగా, "అమ్మే గదండీ" అంది. లోపలికి అడుగుపెట్టాను.

మల్లయ్య కత్తి పక్కన పెట్టుకుని వేపమండ ముంచాడు. ఒకసారి చల్లాడు. దొరసాని ఆయన్నే చూసింది, పెరట్లో చిన్నవాళ్లను చూసినట్టు. కదల్లేదు. రెండోసారి చల్లాడు. కన్ను ఒకటి మూసి తెరిచింది. వెనక జనం గుసగుసలు. సాంబయ్య వినపడేలాగే అన్నాడు, ఈసారి విదల్చకపోతే గుండు కొట్టించుకుంటానని. ఇంకెవరో, చెవులేమయ్యాయని అడిగారు. నాకు అవన్నీ ఎక్కడో వినిపిస్తున్నాయి. నా చెయ్యి దాని వీపు మీద ఉంది. ఆ వీపులో వణుకు మొదలవుతుందేమోనని, నా ప్రాణమంతా ఆ అరచేతిలో పెట్టుకుని ఉన్నాను.

మూడోసారికి మల్లయ్యకూ పట్టుదల వచ్చింది. మండ వదిలేసి చెంబెడు నీళ్లూ ఎత్తి కుమ్మరించాడు. సగం దాని మీద, సగం నా నడినెత్తిన. బావిలోంచి అప్పుడే తోడిన నీళ్లు. నా ఒళ్లు ఝల్లుమంది. నెత్తినుంచి కాళ్లదాకా విదిలించుకున్నాను. తడి నలుగురి మీదా పడింది.

దొరసాని కదల్లేదు.

మల్లయ్య చెంబు కింద పెట్టి చేతులు జోడించాడు. "అమ్మ పుచ్చుకుంది" అన్నాడు.

"ఎవరిని?" అన్నాను.

"మిమ్మల్నేనండీ, పెద్దమ్మగారూ."

నేను కావాలని చెయ్యలేదు భారతీ. నీళ్లు చల్లగా ఉన్నాయి. ముత్యాలమ్మ సాక్షి.

కత్తిని గుడ్డలో చుట్టేశాడు. పుచ్చుకున్నదాన్ని అమ్మ వదిలిపెట్టదని, ప్రతి మంగళవారం వచ్చి దీపం పెట్టాలని, అది నా బతుకున్నన్నాళ్లూ అని చెప్పాడు. సరేనన్నాను. మొదటి దీపం అక్కడే పెట్టాను. అమ్మ మొహం ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. కళ్లు పెద్దవి. భయం వెయ్యలేదు.

నీ మొక్కు తీరింది. పాప ఉలిక్కిపడితే భయపడకు, పసిపిల్లలు ఉలిక్కిపడతారు.

గుడి మెట్లు దిగాక దొరసానిని మళ్లీ ఎత్తుకోబోయాను. నా చెయ్యి పొడిచి కిందికి దూకింది. ఈకలన్నీ ఒక్కసారి విదిలించుకుని ఇంటి దారి పట్టింది. తడి చీరతో నేను దాని వెనకే నడిచాను.

పుష్పావతి